టాన్సీ వీపు మీద పూలు

డిసెంబరు అయిదో తేదీ, గురువారం. ఆ ఉదయం నేను తింటున్నది రాత్రి మిగిలిన చిక్కుడు గింజల కూర, పెనం మీద మళ్ళీ వేడిచేసుకున్న మొక్కజొన్న రొట్టె. నా భార్య వెర్నా ఉన్నప్పుడు దాని మీద పచ్చి ఉల్లిపాయ సన్నగా తరిగి చల్లేది. ఒక్కడి కోసం ఉల్లిపాయ కోయడమెందుకని నేను మానేశాను. సగం తిన్నాక ఫోను మోగింది. కాలేజీలో నాతోపాటు పూల అలంకరణ నేర్చుకుంటున్న యెసేనియా.

"మిస్టర్ లాయిడ్, కాస్త తొందరగా రాగలరా? పూలు నిద్రపోయాయి."

"ఎన్ని?"

"అన్నీ."

పూలు నిద్రపోవడమంటే ఏమిటో ఆగస్టులో అయితే నాకు తెలిసేది కాదు. కార్నేషన్ పువ్వు ఒక్కోసారి వాడిపోకుండానే, రంగు మారకుండానే, రేకులన్నీ లోపలికి ముడుచుకుంటుంది. తడిసిన గొడుగు మూసినట్టు ఉంటుంది. ఆ తరవాత ఎన్ని నీళ్ళు పోసినా విచ్చుకోదు. పళ్ళెం సింకులో పెట్టి, కోటు వేసుకుని బయలుదేరాను. దారిలో రెండుసార్లు తాళంచెవి కోసం జేబు తడుముకున్నాను. నడుస్తున్న బండికి తాళంచెవి దానిలోనే ఉంటుందని రెండోసారి గాని తట్టలేదు.

మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, ఆ పూలు టాన్సీ వీపు మీద ఉండాలి. టాన్సీ నా భార్య గుర్రం. ముదురు గోధుమ రంగు ఆడగుర్రం, ముసలిది, వెనక ఎడమ కాలికి తెల్లటి మేజోడు లాంటి మచ్చ ఉంటుంది. వెర్నా ఫిబ్రవరిలో పోయింది. టాన్సీ పోషణ గురించి నాకు తెలిసిందల్లా, నలభై ఏళ్ళు భూములు కొలిచినవాణ్ణి గనుక, అది మేసే పచ్చిక ఎన్ని ఎకరాలో చెప్పగలగడం. వెర్నా గుర్రాల శాలకు వెళ్ళేది, నేను బండిలో కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి.

ఆమె పోయిన నెలలోనే తెలిసింది, టాన్సీ వీపు మీద ఎవరినీ ఏమీ వేయనివ్వదని. ముసలి గుర్రానికి మా కెంటకీ చలిలో దుప్పటి కప్పకపోతే ఒళ్ళు కరిగిపోతుంది. మార్చిలో వడగళ్ళ వానలో తడిసి, దవడలు వణుకుతూ నిలబడింది గాని, దుప్పటి తెస్తే గోడకు జరిగిపోయింది. దాన్ని తమ శాలలో ఉంచిన హాబ్స్ వాళ్ళు వేసవిలో పొలం అమ్మేశారు. కొత్తవాళ్ళు గుర్రాల శాల పడగొడతామన్నారు. అరవై అయిదు దాటినవాళ్ళకు మా ఊరి కాలేజీలో ఫీజు లేదు. గుర్రాల సంరక్షణ కోర్సులో చేరితే, చదివినన్నాళ్ళు సొంత గుర్రాన్ని అక్కడి శాలలో ఉంచుకోవచ్చు. అలా ఈ వయసులో మళ్ళీ బడికి వెళ్ళాను.

పూల కోర్సులో ఎందుకు చేరావని అందరూ అడుగుతారు. ఉదయం శాల పనికి, మధ్యాహ్నం గుర్రాల పాఠానికి నడుమ ఖాళీ ఉండేది, ఆ ఖాళీలో ఆ ఒక్క తరగతే ఉంది, ఆ గదిలో వేడి బాగుంటుంది అని చెబుతాను. అదీ నిజమే. వెర్నా పోయినప్పుడు పూలు పంపినవాళ్ళందరికీ కృతజ్ఞతలు రాస్తూ, ఏ పువ్వును ఏమంటారో తెలియక, "మీరు పంపిన తెల్లటివి చాలా బాగున్నాయి" అని రాయవలసి వచ్చింది. అది మాత్రం ఎవరికీ చెప్పను.

గుర్రాల పాఠం చెప్పేది కలీన్ స్టాంపర్. అందరూ మిస్ కలీన్ అంటారు. పొట్టి మనిషి, గొంతు పెద్దది, గుర్రాల దగ్గర మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోతుందో తెలియదు. కొత్త విద్యార్థుల కోసం ఆమె ఉంచుకున్న ముసలి గుర్రం ఒకటి జూలైలో చనిపోయింది. శాలలో దాని గది ఖాళీగా ఉంది, అది టాన్సీకి ఇమ్మని నేను అడిగాను. అక్టోబరులో ఒకరోజు నేను టాన్సీ గిట్టలు శుభ్రం చేస్తుంటే వచ్చి నిలబడి చూసింది. అప్పటికి ఆ పని నాకు వచ్చింది. టాన్సీ అడక్కుండానే కాలు ఎత్తి ఇస్తోంది.

"మంచి గుర్రమే. కానీ నాకు కావలసింది, పుట్టి బుద్ధెరిగి గుర్రాన్ని ముట్టుకోని పిల్లకి అప్పగించినా నాకు గుండె దడ లేని గుర్రం. వీపు మీద దుప్పటి వేయనివ్వని గుర్రాన్ని వాళ్ళకెలా ఇవ్వను, మిస్టర్ టాకెట్?" అంది. నన్ను ఎప్పుడూ ఇంటిపేరుతోనే పిలిచేది.

చివరికి ఒక మాటకు వచ్చాం. ఏటా డిసెంబరు మొదటి శుక్రవారం మా కాలేజీలో పూలు నేర్చుకునేవాళ్ళు ఒక పూల దుప్పటి కుడతారు, గుర్రాలు నేర్చుకునేవాళ్ళు ఒక గుర్రాన్ని సిద్ధం చేస్తారు. శాల ముందు పెరట్లో ఆ దుప్పటిని గుర్రం మూపు మీద కప్పుతారు. పందెంలో గెలిచిన గుర్రానికి పూలు కప్పడం మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ శుక్రవారం టాన్సీ నిలబడి పూలు వేయించుకుంటే జనవరి నుంచి దానికి ఆ ఖాళీ గది. లేకపోతే కోర్సు అయిపోగానే నేను ఇంకో చోటు చూసుకోవాలి.

ఇంకో చోటు కోసం అప్పటికే అంతటా అడిగాను. అందరూ మర్యాదగా మాట్లాడారు, ముసలి గుర్రం అనగానే వాతావరణం గురించి మాట్లాడారు. ఎవరూ ఉంచుకోని గుర్రాలు చివరికి సంతకు పోతాయి. సంత నుంచి కొన్ని లారీలు ఉత్తరాన కబేళాల వైపు వెళతాయి. ఆ లారీల గురించి మా ఊళ్ళో అంతకంటే ఎక్కువ మాట్లాడుకోరు.

యెసేనియా నాకు తోడుగా నిలిచింది. ఆమెకు ముప్ఫై దాటి ఉంటాయి. గ్వాటెమాలా నుంచి చిన్నప్పుడే వచ్చేసింది. తెల్లవారుజామున ఒక గుర్రాల ఫారంలో గుర్రపు పిల్లలను చూసుకుంటుంది, ఆ తరవాత పూల తరగతికి వస్తుంది. రోజంతా తన్నించుకోని పని ఒకటి నేర్చుకోవాలని చేరానంటుంది. నవంబరు పొడుగునా మేమిద్దరం ఒక గోనెపట్టా మీద కాసిని కార్నేషన్లు కుట్టి టాన్సీకి అలవాటు చేయాలని చూశాం. అసలు దుప్పటి ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉండాలని, ఆ పట్టాను పూలు పెట్టే పెద్ద ఫ్రిజ్‌లోనే ఉంచి, అందులోంచి నేరుగా తీసుకెళ్ళేవాళ్ళం.

టాన్సీ మొదట బాగానే నిలబడేది. పట్టా వాసన చూసేది. కార్నేషన్‌కు లవంగం వాసన ఉంటుంది, దానికి అది నచ్చిందనుకుంటాను. పట్టా వీపుకు తగలగానే మాత్రం మెడ దగ్గర చర్మం అదిరేది. ఆ అదురు మూపు మీదుగా తోక దాకా పాకేది. ఆ తరవాత ఒక్క అడుగు పక్కకు, పట్టా కింద. ఒకసారి నన్ను కూడా గోడకు అదిమింది. మిస్ కలీన్ వేళ్ళతో వెన్నంతా నొక్కి చూసింది. పశువుల డాక్టరూ చూశాడు. నొప్పి లేదు, పుండు లేదు. "వీపులో ఏమీ లేదు. మనసులో ఏముందో మరి," అని మిస్ కలీన్ వెళ్ళిపోయింది. మనసు అన్న మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఎందుకంటే దాని మనసు సంగతి తెలిసిన మనిషి ఇప్పుడు లేదు.

గురువారం నేను వెళ్ళేసరికి పూల గదిలో బల్లల మీద బకెట్లు, బకెట్ల నిండా ముడుచుకుపోయిన తెల్లటి కార్నేషన్లు. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. మా గురువు ఎస్టిల్ రో దాని ముందు నిలబడి ముక్కుతో గాలి పీలుస్తున్నాడు. ఆయన నా ఈడువాడే. రిబ్బను ముడి వంకరగా వస్తే మాట్లాడకుండా కత్తెరతో కోసేసి మళ్ళీ చేతికిచ్చే మనిషి. వంగి, వెనక వరస బకెట్ల మధ్యలోంచి ఒక గుడ్డ సంచీ లాగాడు. నిండా ఆపిల్స్.

మొదటి వారం మాకు చెప్పిన మొదటి పాఠం అదే. పండుతున్న ఆపిల్ వదిలే గాలికి పక్కనున్న పువ్వు ముసలిదైపోతుంది. మూసి ఉన్న గదిలో అయితే మరీ తొందరగా. మధ్యాహ్నం తిండిలోని పండు కూడా ఆ ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో.

"అవి నావి," అంది యెసేనియా. శాలలో పెడితే ఎలుకలు సంచీ కొరికేశాయట. పట్టా వేసిన ప్రతిసారీ టాన్సీకి ఒక ముక్క ఇద్దామని కొన్న ఆపిల్స్ అవి. సోమవారం పొద్దున్నే, గుర్రం పనిలో నుంచి పూల పనిలోకి పరుగెత్తుతూ, చల్లటి చోటు కనిపించింది గదా అని పెట్టేసింది. అప్పుడు ఫ్రిజ్ ఖాళీగా ఉంది. పూలు మంగళవారం వచ్చాయి.

నాకు కోపం రాలేదు. నా గుర్రం కోసం కొన్న పళ్ళు నా గుర్రం పూలను చంపాయి. ఎవరినేమనాలి?

రో ఒక ఆపిల్ తీసి, ఏప్రానుకు తుడిచి, కొరికాడు.

"బాగుంది. ఏ తోటది?" అన్నాడు.

రో తలా ఒకటి మా చేతుల్లో పెట్టాడు. "తినండి. డీన్ గారు వచ్చేలోగా సాక్ష్యం మాయమవ్వాలి," అన్నాడు. ఒక్కటి మాత్రం యెసేనియా ఏప్రాను జేబులో వేసి, "ఇది నేను చూడలేదు," అన్నాడు. అందరం నిలబడి నములుతుంటే ఆయన ఫోను తీశాడు. టోకు దుకాణంలో సోమవారం దాకా తెల్లపూలు లేవు. చివరికి ఆయన బంధువు ఒకామె గ్రీన్‌హౌస్‌లో, నవంబరు పండుగకు అమ్ముడుపోని చామంతి కుండీలు ఉన్నాయని తేలింది. ఇటుక రంగువి, పసుపువి. చామంతికి ఆపిల్ భయం తక్కువ. అయినా ఫ్రిజ్ కడిగి రేపటిదాకా తెరిచి ఆరబెట్టాలి గనుక, పూలు శుక్రవారం పొద్దున తెచ్చి, కోసి, వెంటనే కుట్టేయాలన్నాడు.

నేను మిస్ కలీన్ దగ్గరకు వెళ్ళాను. టాన్సీ నెల రోజులుగా అలవాటు పడింది లవంగం వాసనకు, చామంతి ఘాటు దానికి కొత్త, ఒక్క వారం వాయిదా వేయమని అడిగాను. ఆమె గడ్డి మోపు కట్లు కోస్తూ విన్నది. కాలేజీ పెద్దలను పిలిచేశారని, జనవరికి ఏ గుర్రాలు ఉంటాయో శుక్రవారమే చెప్పాలని అంది.

"పూలు మారితే గుర్రం మారుతుందా, మిస్టర్ టాకెట్?"

"అది మారుతుంది," అన్నాను.

ఆమె నవ్వలేదు. అదొక దయ. చేతిలోని గడ్డిని టాన్సీ గదిలో వేసి, మిగతా గుర్రాలకంటే కాస్త ఎక్కువే వేసి, వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆకాశం సీసం రంగులో ఉంది. పూల గదిలో మాత్రం రేడియేటర్లు బుసలు కొడుతున్నాయి. అందరం చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాం. చామంతుల తలలు కోయడం, గుడ్డ మీద ఒక్కొక్కటీ దారంతో కుట్టడం. అడుగున మెత్తటి ఫ్లానెల్, గుర్రానికి ఏదీ గుచ్చుకోకుండా. నా కుట్లు వదులుగా పడ్డాయి. యెసేనియా నా వైపు చూడకుండానే నా కుట్ల మీద మళ్ళీ కుట్టుకుంటూ వచ్చింది. రాత్రి నిద్రపోయారా అని అడిగింది. పోయానన్నాను.

"నేనూ పోయాను," అంది. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

రెండు దాటాక దుప్పటి పూర్తయింది. ఫ్లానెల్ లోపలికి వచ్చేలా చుట్టి, పెద్ద పిండి ముద్దను మోసినట్టు నలుగురు పొట్టకు కరుచుకుని పెరటికి తీసుకొచ్చారు. మంచుతో కలిసిన సన్నటి వాన మొదలైంది. కాలేజీ పెద్దలు గొడుగుల కింద నిలబడ్డారు. చప్పట్లు కొట్టవద్దని మిస్ కలీన్ ముందే వాళ్ళకు చెప్పింది.

టాన్సీ పగ్గం నా చేతిలో ఉంది. పొద్దున్నుంచి దువ్వి దువ్వి నేను దాని ఒంటిని అద్దం చేశాను. దాని ముక్కులోంచి ఆవిరి వస్తోంది. నా పిడికిలి బిగుసుకుపోయి ఉందని, అది పగ్గం వెంట దానికి తెలుస్తుందని నాకు తెలుసు, అయినా వేళ్ళు వదులు కాలేదు. గొడుగు ఒకటి కదిలితే దాని ఎడమ చెవి అటు తిరిగింది. చామంతుల వాసన రాగానే తల ఎత్తింది. కళ్ళలో తెలుపు కనిపించింది. ఇంక అయిపోయిందనుకున్నాను.

"వేయమంటారా?" అని యెసేనియా నన్ను అడిగింది, మిస్ కలీన్‌ను కాదు.

వేయమన్నాను.

దుప్పటి విప్పి, అటొకరు ఇటొకరు, మూపు మీద దించారు. నేను దాని మెడ మీద, ఆ అదురు మొదలయ్యే చోటు మీదనే చూపు నిలిపాను. ఫ్లానెల్ తగిలింది. టాన్సీ ఊపిరి ఆపింది. నేనూ ఆపాను. రెండు చెవులూ వెనక్కి తిరిగాయి, వీపు మీద ఏముందో వింటున్నట్టు.

అదురు రాలేదు.

అది తల కిందికి దించి, నా మోచేయి తడిసేంత పొడుగ్గా ఒక నిట్టూర్పు వదిలింది. ఆ తరవాత మెడ తిప్పి, తన భుజం మీది పసుపు చామంతిని తినబోయింది. చామంతి గుర్రాల కడుపుకు మంచిది కాదు. నేను దాని ముక్కు పట్టుకుని ఇటు తిప్పాను. అది మళ్ళీ అటు తిప్పింది. గొడుగుల కింద ఎవరో నవ్వారు. ఆ నవ్వుకూ అది బెదరలేదు.

మిస్ కలీన్ దగ్గరకు వచ్చింది. పూల కిందికి, ఫ్లానెల్‌కూ గుర్రం ఒంటికీ మధ్య, చేయి దూర్చింది. తీయలేదు. అలాగే నిలబడింది. ఆమె ముఖంలో ఏదో మారడం చూసి నాకు మళ్ళీ భయం వేసింది, గాయమేదైనా తగిలిందేమోనని.

"లాయిడ్," అంది. ఆమె నన్ను అలా పిలవడం అదే మొదలు. "ఇది వెచ్చగా ఉంది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. యెసేనియాకు ముందు అర్థమైంది. నోటి మీద చేయి పెట్టుకుంది. నెల రోజులుగా మేం తెచ్చిన పట్టా ఫ్రిజ్‌లోది. మార్చిలో నేను తెచ్చిన దుప్పట్లు వేడి లేని సామాను గదిలోవి. ఇవాళ పూలకు ఫ్రిజ్ లేదు గనుక, ఆ ఉడుకు గదిలో కుట్టి, నలుగురి పొట్టల వేడి తగిలించి తెచ్చాం గనుక, మొదటిసారి దాని వీపుకు చలి తగల్లేదు.

అప్పుడు వెర్నా కళ్ళ ముందుకు వచ్చింది. శీతాకాలం సాయంత్రాలు ఆమె సామాను గదిలోంచి దుప్పటి మడతపెట్టి, కోటు గుండీలు విప్పి, దాన్ని లోపల రొమ్ముకు హత్తుకుని వచ్చేది. చాలాసేపు అలాగే నిలబడి గుర్రంతో కబుర్లు చెప్పేది. నేను బండి అద్దం దించి, అంత చలిగా ఉంటే వచ్చేయవే అనేవాణ్ణి. "చలి నాకు కాదు," అనేది. మొండితనం అనుకుని అద్దం ఎక్కించేవాణ్ణి.

మిస్ కలీన్ అంత తేలికగా ఒప్పుకునే మనిషి కాదు. పెద్దలు వెళ్ళిపోయాక, పూలు తీసేశాక, ఒక్కసారి నిలబడితే చాలదంది. ఇంకో గంటలో వాన పెద్దదవుతుంది, అసలు దుప్పటి వేసి చూపించమంది. సామాను గదిలో దుప్పటి రేకులా చల్లగా ఉంది. కోటు విప్పి దాన్ని గుండెకు ఆనించుకున్నాను. చలి చొక్కా దాటి ఎముకల్లోకి దిగింది. వెర్నా సన్నటి మనిషి. ఇంత చలిని రోజూ ఎలా భరించిందో.

యెసేనియా వెనక నుంచి వచ్చి దుప్పటి రెండో కొస లాక్కుని తన కోటులో దోపుకుంది. ఇద్దరం ఒకే దుప్పటికి చెరోవైపు, సంతలో కట్టేసిన జత ఎద్దుల్లా నిలబడ్డాం.

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, మిస్టర్ లాయిడ్?"

"ఎద్దులనుకుంటారు," అన్నాను.

ఆమె నవ్వింది. ముందురోజు ఉదయం నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. దుప్పటిలో మా ఒంటి వేడి నిండేదాకా ఉన్నాం. టాన్సీ గడ్డి నములుతూ మమ్మల్ని చూస్తోంది.

వేశాను. భుజం దగ్గర చర్మం ఒక్కసారి అదిరింది. నేను కదలలేదు. అది ఎక్కడికీ పాకలేదు. టాన్సీ మళ్ళీ గడ్డిలోకి మూతి పెట్టింది. ఛాతీ కింద పట్టీ బిగిస్తున్నప్పుడు నా వేళ్ళు చాలాసేపు తడబడ్డాయి. అది అంతసేపూ నిలబడింది.

మిస్ కలీన్ నడవలో నిలబడి అంతా చూసింది.

"జనవరిలో వచ్చే పిల్లలకి దుప్పటి ఎలా వెచ్చబెట్టాలో నువ్వే నేర్పాలి. నేను ముప్ఫై ఏళ్ళుగా చల్లటివే వేస్తున్నాను. మిగతావి నోరు మూసుకుని పడ్డాయి, పాపం," అంది. అని తన టోపీ సరిచేసుకుని వానలోకి వెళ్ళింది.

నేను ఒక నిమిషం టాన్సీ మెడ మీద చేయి వేసి నిలబడ్డాను. మెడ వెచ్చగా ఉంది. యెసేనియా జేబులోంచి ఆ దాచిన ఆపిల్ తీసి, అరచేతిలో పెట్టి అందించింది. టాన్సీ దాన్ని ఒక్క కొరుకుతో సగం చేసింది. రసం గడ్డం మీదుగా కారింది. రెండో సగం కోసం అరచేయంతా నాకింది.

బయట రేకుల మీద వాన పెద్దదైంది. నేను నడవలోకి వచ్చాను. యెసేనియా నా వెనకే వచ్చి, లోపలికి మరొకసారి తొంగి చూసి, తలుపును చప్పుడు కాకుండా జరిపి, గడియ వేసింది.